మైకు విన్న ఉపవాసం

మా చర్చి సంఘంలో ఇద్దరు అమ్మాయిలు డబ్బింగ్ పనిలో చేరాలని తిరుగుతున్నారు. మొన్న ఆరాధన అయ్యాక నన్ను గుమ్మం దగ్గర పట్టుకున్నారు. "ఆంటీ, మనలాంటి వాళ్లు ఆ పని చేయొచ్చా?" అని అడిగారు.

"మనలాంటి వాళ్లంటే ఎట్టాంటి వాళ్లు? లావుగా ఉండేవాళ్లా?" అన్నాను.

నవ్వారు గానీ ప్రశ్నను మాత్రం వదల్లేదు. చెప్పుల్లో ఒక కాలు పెట్టి చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఇంటికొచ్చి, కూర్చుని, రాస్తున్నాను. చిన్నప్పుడు ఆదివారపు బడిలో తప్ప నేను ఏదీ రాసినదాన్ని కాదు. ఎవరో రాసింది చదవడమే నా వృత్తి. తప్పులుంటే సర్దుకోండి.

నేను ముప్పై ఏళ్లకు పైగా గొంతు అమ్ముకుని బతికాను. నా ముఖం మీలో ఎవరూ చూసి ఉండరు, చూసినా పెద్ద లాభం లేదు. కానీ మధ్యాహ్నం పూట టీవీ పెట్టుకునే అలవాటున్న ప్రతి తెలుగింటి మీదా నేను ఏదో ఒక రోజు అరిచే ఉంటాను. తమిళ సీరియళ్లలోని అత్తగార్లు తెలుగులో అరవాలంటే ఎవరో ఒకరు అరవాలి కదా. ఆ ఎవరో ఒకరు నేనే.

పని సంగతి

మా నాన్న పురసవాక్కంలో ఒక బట్టల షాపులో మూటలు మోసేవాడు. ఇంట్లో మేము మాట్లాడే తెలుగులో సగం తమిళం, మిగతా సగం "ఈడ, ఆడ, ఎట్టా, ఏంది". చర్చిలో ప్రార్థనకు లేచామంటే గ్రాంథికం తప్ప నోట్లోంచి వచ్చేది కాదు. మైకు ముందు ఈ రెండూ పనికిరావు. మా డబ్బింగ్ ఇన్‌ఛార్జ్ పరాంకుశం గారు మొదటిరోజు నా చేత ఒక పేజీ చదివించి, అద్దం అవతల నుంచి అన్న మాట ఇప్పటికీ గుర్తుంది.

"అమ్మాయ్, చాలా బాగా చెప్పావు. ఇప్పుడదే తెలుగులో చెప్పు."

ఆయనది తెనాలి. పాటలు రాద్దామని ఈ ఊరు వచ్చి, ఇతరుల మాటలు సరిదిద్దడం దగ్గర ఆగిపోయిన మనిషి. ఆ కోపాన్ని ఎవరి మీదా చూపించేవారు కాదు. కామాల మీద చూపించేవారు.

ఈ పనిలో మొదట నేర్చుకోవాల్సింది మాట్లాడటం కాదు, చప్పుడు చేయకపోవడం. గాజులు వేసుకుని వెళ్లొద్దు. పట్టుచీర కట్టొద్దు, అది నడిచినా కూర్చున్నా గొణుగుతుంది. కాగితం తిప్పేటప్పుడు నిద్రపోతున్న పసిబిడ్డ మీద దుప్పటి తీసినట్టు తిప్పాలి. మైకు ముందు ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, శబ్దం మాత్రం చేయకూడదు. పెరుగన్నం తిని వెళితే గొంతులో జిగురు పలుకుతుంది. నిండా తింటే ఊపిరి ఆడదు, అసలు తినకపోతే ఏమవుతుందో ముందు ముందు చెబుతాను.

ఈ మధ్య కంప్యూటరే మనుషుల గొంతుతో మాట్లాడుతుందట. మాట్లాడనివ్వండి. దానికి కడుపు లేదు కాబట్టి నాకు జరిగింది దానికి జరగదు. అది మీకు ధైర్యమో అధైర్యమో మీరే తేల్చుకోండి.

ఇంకొకటి. విశ్వాసులమని చెప్పుకుని ఆలస్యంగా వెళ్లకండి. "ప్రార్థన చేసుకుని వచ్చేసరికి ఇంతసేపైందండీ" అని కొందరు అనడం నేను విన్నాను. పెరంబూరు బ్రిడ్జి మీద ట్రాఫిక్‌కు దేవుణ్ణి బాధ్యుణ్ణి చేయడం ఏం భక్తి?

శాపనార్థాలు

మీరు ముఖ్యంగా భయపడేది దీని గురించేనని నాకు తెలుసు. అత్తగారి పాత్ర అంటే శాపాలు, చాడీలు, విషం కలిపిన పాలు. మా స్త్రీల సమాజం పెద్ద దోర్కా అక్క ఒకసారి మధ్యాహ్నం నా సీరియల్ చూసి, ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చింది.

"ఏంది గ్రేసూ, ఆ పిల్లని పట్టుకుని నీ వంశం నాశనమైపోను అంటా ఉండావే. ఆదివారం పాటలు పాడేది కూడా ఆ నోటితోనే గదా?"

"అది ఆమె నోరక్కా. నాది గొంతు మాత్రమే" అన్నాను.

ఆ జవాబు నాకు చాలా నచ్చింది. అక్కకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే రాత్రి పడుకున్నాక నాకూ అంతగా నచ్చలేదు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. పాత్ర చెడ్డదైతే చెప్పేదాన్ని, ఆ చెడ్డను మెచ్చుకునే కథ అనిపిస్తే మానుకునేదాన్ని. అలా మానుకున్నవి రెండో మూడో. అవి వేరేవాళ్లు చెప్పారు, బాగానే చెప్పారు, లోకం ఆగలేదు. మీరు మానుకుంటే ఏదో ఆగిపోతుందని ఊహించుకుని మాత్రం మానుకోకండి.

కొబ్బరి ముక్క

కొత్త సీరియల్ మొదలైతే స్టూడియోలో పూజ ఉంటుంది. మైకుకు బొట్టు, మిషన్లకు దండ, గుమ్మడికాయ, చివరికి కర్పూరం పళ్లెం అందరి ముందుకూ వస్తుంది. మొదట్లో ఆ సమయానికి నేను బాత్రూములో ఉండేదాన్ని. మూడు సీరియళ్లు అయ్యేసరికి నాకేదో జబ్బుందని స్టూడియో అంతా అనుకుంది.

పరాంకుశం గారే ఒకరోజు పక్కకు పిలిచారు. "అమ్మాయ్, నువ్వు దాక్కోనక్కర్లేదు. అక్కడే నిలబడు. పళ్లెం నీ దగ్గరికి రాకుండా నేను చూసుకుంటాను. కానీ అందరూ తింటుంటే నువ్వు చేతులు కట్టుకుని నిలబడటం నాకు బాగోలేదు."

ఆ తర్వాత నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టారు. పూజకు తెచ్చిన కాయల్లో ఒకటి, దేవుడి ముందు పెట్టకముందే, ఆయనే విడిగా కొట్టి నా కోసం పక్కన ఉంచేవారు. దానికి "గ్రేసు కాయ" అని పేరు. ఆ కొబ్బరికి అందరూ ఎగబడేవారు. నేను ఆయనకు క్రిస్మస్ కేకు ఇచ్చేటప్పుడు గుడ్డు లేకుండా ఒకటి వేరే చేసేదాన్ని, అది మాత్రం రాయిలా వచ్చేది. ఆయన ముక్క మిగల్చకుండా తినేవారు. మత సామరస్యమంటే నాకు తెలిసి పళ్ల పటుత్వమే.

మీ పద్ధతి మీరు పాటించండి, అయితే దాని ఖర్చు ఎదుటివాళ్ల మీద వేయకండి. ఇది ఇంత తేలికగా చెబుతున్నాను గానీ నేను నేర్చుకున్నది తేలికగా కాదు. అదే అసలు కథ.

శ్రమదినాలు

మా ఆయన ఎన్నూరు కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఫిట్టరు. ఒక ఏడాది పరంజా మీద నుంచి పడ్డాడు. నడుస్తాడో నడవడో డాక్టర్లే చెప్పలేకపోయారు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నేను మ్రొక్కుబడి చేసుకున్నాను. ఈయన లేచి నడిస్తే, ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమదినాలు నలభై రోజులూ పగలంతా ఉపవాసం ఉంటానని. అంతకుముందు ప్రతి ఏడూ స్టూడియో పని పేరు చెప్పి తప్పించుకునేదాన్ని. "సినిమా మనుషులకు శ్రమదినాలు ఉండవులే" అని దోర్కా అక్క దెప్పుతూనే ఉండేది.

ఆయన లేచాడు. కొంచెం కుంటుతూ నడిచాడు. ఫ్యాక్టరీలో పైకెక్కే పని పోయి, స్టోరులో కూర్చునే చిన్న పని మిగిలింది. అప్పటికి నా చేతిలో ఉన్నది ఒకే పెద్ద పాత్ర, వారం మొత్తం వచ్చే సీరియల్‌లో అత్తగారు. ఆ అత్తగారే మా ఇంటి బియ్యం. కాబట్టి శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు నేను స్టూడియోకు వెళ్లింది రెండు బాధ్యతలతో. దేవుడికిచ్చిన మాట, అత్తగారికివ్వాల్సిన మాటలు.

ఉపవాసం ఉన్నప్పుడు ముఖం వేలాడేసుకోవద్దు, ముఖం కడుక్కుని, తలకు నూనె రాసుకుని, ఎవరికీ తెలియకుండా ఉండమని ప్రభువు చెప్పాడు. ముఖం కడుక్కున్నాను. తలకు నూనె రాసుకున్నాను. కడుపు గురించి ఆయన ఏమీ చెప్పలేదు.

ఆ రోజు సన్నివేశంలో అత్తగారు చనిపోయిన భర్త ఫోటో ముందు కూర్చుంటుంది. ఒకే ఒక్క మాట: "నన్ను ఒంటరిదాన్ని చేసి వెళ్లిపోయారా." ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం, ఊపిరి మాత్రమే వినపడాలి. చెప్పాను. ఊపిరి వదిలాను. బాగా వచ్చిందనుకున్నాను.

అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజినీర్ మురుగేశన్ గొంతు వచ్చింది. తమిళుడే అయినా మాతో తెలుగే మాట్లాడతానని పట్టుబట్టేవాడు. "అక్కా, ఒన్ మోర్. వెలియే, బయట ఏదో లారీ పోయింది."

మళ్లీ చెప్పాను.

"అక్కా, మళ్లా లారీ."

మూడోసారి ఏసీ ఆపించారు. నాలుగోసారి ఫ్యాను ఆపించారు. గదిలో ఉన్నవాళ్లందరికీ చెమటలు. ఐదోసారి పరాంకుశం గారు కుర్చీలోంచి లేచారు.

"ఒరేయ్ మురుగేశా, ఈ లారీ రోడ్డు మీద పోవట్లేదు. మన గదిలోనే పార్క్ చేసి ఉంది. ఏదీ, పెద్ద స్పీకర్లో వెయ్యి."

వేశాడు. నా ఊపిరి గది నిండా వినపడింది. దాని అడుగున, నెమ్మదిగా మొదలై, మలుపు తిరిగి, ఎత్తు ఎక్కి దిగినట్టుగా గుర్ర్ మని ఒక శబ్దం.

"అక్కా" అన్నాడు మురుగేశన్ చాలా మర్యాదగా, "అది లారీ కాదు. మీ వయిరు, కడుపు."

"భర్త ఫోటో ముందు అత్తగారికి ఆకలేస్తోంది" అన్నారు పరాంకుశం గారు. "రచయితకు తట్టని భావం. పొద్దున ఏం తిన్నావమ్మా?"

ఏం చెప్పను? చెబితే రహస్యం పోతుంది, చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. నేను తల దించుకున్నాను. నా తరఫున నా కడుపు ఇంకోసారి జవాబు చెప్పింది. నలుగురికీ తెలియకుండా చేయాల్సిన ఉపవాసం స్పీకర్లో చాటింపు వేసుకుంది. ఆ సాయంత్రానికి స్టూడియోలన్నీ ఉండే కోడంబాక్కంలో దాని గురించి తెలియనివాడు లేడు.

రెండోరోజు ఇంకా ఘోరం. నీళ్లు తాగితే గలగల, తాగకపోతే గురగుర. రోజుకు నాలుగు ఎపిసోడ్లు పూర్తి చేసేవాళ్లం, ఆ రోజు ఒకటి కూడా కాలేదు. సాయంత్రం నిర్మాత ఫోన్ చేశాడు. పరాంకుశం గారు "అలాగేనండి, అలాగేనండి" అంటూ నా వైపు చూడకుండా మాట్లాడటం నేను చూశాను.

రెండు ఇడ్లీలు

మూడోరోజు పొద్దున ఆయన నా ముందు రెండు ఇడ్లీల పొట్లం పెట్టి కూర్చున్నారు.

"నిర్మాత వేరే గొంతు చూడమంటున్నాడు. వచ్చే శుక్రవారం మన చిన్న పాత్రల రమ చేత ఒక ఎపిసోడ్ చెప్పించి పంపమన్నాడు. నచ్చితే ఆమెకే ఇచ్చేస్తాడు. ఇంతవరకూ నా చేతుల్లో లేదు. ఇది మాత్రం నా చేతుల్లో ఉంది, తిను."

"మ్రొక్కుకున్నానండీ. మా ఆయన కాలు కోసం."

ఆయన ఏటా అయ్యప్ప మాల వేసుకునే మనిషి. ఆ రోజుల్లో చెప్పుల్లేకుండా ఎర్రటెండలో నడిచి వచ్చేవారు, మేమంతా స్వామీ అని పిలిచేవాళ్లం. మ్రొక్కు అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు.

"మ్రొక్కు మానమని నేను చెప్పను, కళ్లు పోతాయి. కానీ ఒకటి చెప్పు. నీకు తిండి అంటే అంత ఇష్టమా?"

"లేదండి. ఏదో ఇంత ఉంటే చాలు."

"మరి వదులుకోడానికి అదెందుకు? నీకు ప్రాణంతో సమానమైంది ఇంకొకటుంది. వరండాలో బెంచీ మీద కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేస్తావే."

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. వరండా బెంచీ అంటే మా గొంతులవాళ్లందరూ టేకుల మధ్య కూర్చునే చోటు. ఎవరికి పాత్ర వచ్చింది, ఎవరిది పోయింది, ఎవరి మొగుడు తాగొచ్చాడు, అన్నీ అక్కడే. ఆ బెంచీకి నేను పెద్దదాన్ని. నాకు పదింటికి తెలిసింది పన్నెండుకల్లా పక్క స్టూడియోకు తెలిసేది.

"తిను. నోరు మాత్రం మూసుకో. మైకు ముందు కాగితం మీద ఉన్నది చెప్పు. మైకు ఆపగానే ఒక్క మాట నీ సొంతానికి మాట్లాడొద్దు. ఈ ఉపవాసం వింటానికి మురుగేశన్ దగ్గర కూడా మిషన్ లేదు."

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను. మ్రొక్కు ఎవరి కాలు కోసమో ఆ కాలే ఒప్పుకోవాలి కదా.

"నాకు సమ్మతమే" అన్నాడాయన వెంటనే. "ఇంటికొచ్చినాక కూడా అట్టే ఉండేట్టయితే ఇంకో కాలు విరగ్గొట్టుకునేదానికి నేను రెడీ."

ఇంట్లో మాట్లాడతానని గట్టిగా చెప్పాను. పగటి పూట, పని చోట మాత్రమే. ఆదివారాలు ఎట్లాగూ శ్రమదినాల లెక్కలోకి రావు కాబట్టి చర్చిలో ఎప్పట్లాగే వాగవచ్చు. ఇడ్లీలు తినేశాను కాబట్టి పాత మ్రొక్కు ముగిసింది, కొత్తది మొదలైంది.

బెంచీ

మర్నాడు పరాంకుశం గారు వరండాలోకి వచ్చి అందరికీ వినపడేలా చెప్పారు. "గ్రేసు ఈ నెలన్నర మాట్లాడదు. ఎందుకని అడిగినవాళ్లతో నేనూ మాట్లాడను."

ఆకలి కంటే ఇది ఎంత కష్టమో నేను చెప్పలేను. ఆకలికి మధ్యాహ్నం దాటితే కొంచెం సర్దుబాటు ఉంటుంది. మాటకు ఉండదు. పక్కన ఎవరైనా ఒక వార్త సగం తప్పు చెబుతుంటే, నిజం మనకు తెలిసి, పెదవులు బిగించి కూర్చోవడం ఎంత శిక్షో బెంచీ ఎక్కినవాళ్లకే తెలుసు. రోజంతా నా నోట్లోంచి వచ్చేవి అత్తగారి శాపాలు మాత్రమే. నా సొంత కోపాలకు చోటే లేదు. ఏం చేయను, అత్తగారి కోపంలోనే కొంచెం కలిపేసేదాన్ని. ఆ వారం ఎపిసోడ్లు చాలా బాగా వచ్చాయని నిర్మాత అన్నాడట. అయినా రమను చూడటం మాత్రం మానలేదు.

ఇక్కడ రమ గురించి చెప్పాలి. ఆమె నాకంటే చిన్నది, నెల్లూరు నుంచి వచ్చింది, వడపళనిలో ఒక్క గదిలో ఉండేది. చాలా ఏళ్లుగా పనిమనిషి, పక్కింటావిడ, ఆసుపత్రిలో నర్సు, ఇట్లాంటివే చెప్పేది. బెంచీ మీద చివర కూర్చునేది. మామూలు రోజుల్లో నేను ఆమె పక్కన కూర్చునేదాన్ని కాదు, ఆమె దగ్గర వార్తలు ఉండేవి కావు.

మాట్లాడకపోవడం మొదలయ్యాక మధ్యలో నాకు చోటు లేకుండా పోయింది. జవాబు చెప్పని మనిషి పక్కన ఎవరు కూర్చుంటారు? జరిగి జరిగి చివరికి రమ పక్కన చేరాను. బుధవారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకు లేచాక, ఆమె నా వైపు వంగింది.

"అక్కా, నీక్కూడా గొంతేనా?"

నేను చూస్తూ ఉండిపోయాను.

"నాకు తెలిసిపోయిందిలే. నెలన్నర మాట్లాడొద్దనింది అందుకేగా. నాకూ అదే చెప్పినాడు డాక్టరు. లోపల చిన్న కాయ మాదిరి లేచిందంట. నెలన్నర నోరు తెరవకుంటే దానంతట అదే పోతుందంట, తెరిస్తే కోయాల్సి వస్తుందంట. నువ్వు పెద్ద ఆర్టిస్టువి, నిన్ను పనిలో ఉంచుకున్నారు. నన్ను ఎవరుంచుకుంటారక్కా? అందుకే ఎవరికీ చెప్పలే. శుక్రవారం ఒక్కటి బాగా చెప్పేస్తే ఆ పాత్ర నాకొస్తుందంట. నీదే అది, తెలుసు. నామీద కోపం పెట్టుకోవద్దు. నీ గొంతు బాగయ్యేదాకా చెప్తా, తర్వాత నీకే ఇచ్చేస్తా."

నాది గొంతు కాదు, కడుపు అని చెప్పాలి. చెప్పలేను. నీ గొంతు పోగొట్టుకోవద్దు పిల్లా అని చెప్పాలి. అదీ చెప్పలేను. చేయి పట్టుకున్నాను. ఆమె ఏదో అర్థం చేసుకుని తల ఊపింది. ఏం అర్థం చేసుకుందో నాకు ఈ రోజు వరకూ తెలియదు.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. నా బియ్యం గింజలు శుక్రవారం మీద వేలాడుతున్నాయి. ఒక్క మాట, "రమ గొంతు చెడిపోయిందటండీ", పరాంకుశం గారి చెవిన వేస్తే శుక్రవారమే ఉండదు. పైగా అది ఆమె మేలు కోసమే అని చెప్పుకోవచ్చు. చెడ్డ మాటకు మంచి బట్టలు తొడగడంలో మా బెంచీ వాళ్లను మించినవాళ్లు లేరు. మాట్లాడకూడదన్నది నియమం, రాయకూడదని ఎవరూ అనలేదు కదా అని కూడా తోచింది. డైలాగు కాగితం వెనక్కి తిప్పి, పెన్ను తీసి, పరాంకుశం గారి ముందు నిలబడ్డాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఎదురు చూశారు.

"మంచినీళ్లు" అని రాశాను.

"దీనికి కాగితం ఎందుకమ్మా? చేత్తో చూపిస్తే ఇచ్చేవాణ్ణిగా" అన్నారాయన.

మంచితనంతో చేశానని అనుకోకండి. ఆ కాగితం మీద ఆ మాట రాస్తే, పగలంతా మూసుకున్న నోటికి అర్థమేమిటని నాకే సిగ్గేసింది. అంతే. క్రమశిక్షణలో సగం సిగ్గేనని నా అభిప్రాయం. మిగతా సగం గురించి చర్చి అయ్యగారిని అడగండి.

శుక్రవారం

రమ లోపలికి వెళ్లింది. మురుగేశన్ పక్కన నేను, పరాంకుశం గారు కూర్చున్నాం. మొదట ఏడుపు సన్నివేశం. ఆ కాయ వల్లనేమో, ఆమె గొంతులో ఒక గరుకుదనం ఉంది. అత్తగారి ఏడుపు నిజంగా ఎక్కడో లోపల గీరుకుపోతున్నట్టు వచ్చింది. ఇన్నేళ్లలో నేను చెప్పిన ఏ ఏడుపూ అంత బాగా లేదు. నేను ఎప్పుడూ ముక్కుతో ఏడ్చేదాన్ని.

పరాంకుశం గారు నా వైపు చూడలేదు. చూడకపోవడంతోనే నాకు అర్థమైంది. నా పాత్ర పోయింది.

తర్వాతది కోడలి మీద అరిచే సన్నివేశం. "నా గడప దాటి లోపలికి రాకు." రమ ఊపిరి పీల్చుకుంది. "నా గడప" వరకూ వచ్చింది. ఆపైన గాలి మాత్రమే వచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ గాలి. అద్దం అవతల ఆమె గొంతు పట్టుకుని నిలబడింది.

"ఏమైంది ఈమెకు?" అన్నారు పరాంకుశం గారు. నా వైపు తిరిగారు. "నీకేమైనా తెలుసా గ్రేసూ? బెంచీ మీద మీ ఇద్దరూ పక్కపక్కనే కదా."

నేను తల అడ్డంగా ఊపలేదు. ఊపితే అది అబద్ధం. నిలువుగానూ ఊపలేదు. లేచి, ఫ్లాస్కులో వేడినీళ్లు ఒక గ్లాసులో పోసి, లోపలికి తీసుకెళ్లి రమ చేతిలో పెట్టాను. ఆమె నన్ను చూసింది. నేను చెప్పేశానో లేదో వెతికింది. లేదని తెలుసుకుంది. అప్పుడు మైకు దగ్గరగా వంగి, ఉన్న కాస్త గాలితో తనే అంతా చెప్పింది. డాక్టరు, కాయ, నెలన్నర.

స్పీకర్లో ఆ గుసగుస మొత్తం పరాంకుశం గారు విన్నారు. తర్వాత లోపలికి మాట వినిపించే టాక్‌బ్యాక్ బటన్ నొక్కారు.

"ముందే చెప్పొచ్చుగా పిచ్చితల్లీ. ఈ అత్తగారు నీకు దక్కదు, అరుపులెక్కువ. కానీ ఆ ఏడుపు నేను మర్చిపోను. కొత్త సీరియల్ వస్తోంది, అందులో మంచం పట్టిన బామ్మ, అరుపుల్లేవు. అది నీది. నెలన్నర నోరు మూసుకుని రా. ఎలాగా అంటావేమో. ఇదిగో, మన గ్రేసును చూడు. ఈవిడ మూసుకోగలిగిందంటే భూమ్మీద ఎవరైనా మూసుకోగలరు."

అలా అత్తగారు నాకే మిగిలింది. నా గెలుపు కాదది, ఆమె గొంతు విరగడం వల్ల దక్కింది. ఆ తేడా మరిచిపోకుండా ఉండటానికి తర్వాత చాలా ఏళ్లు ఆమె పక్కనే కూర్చున్నాను. ఆ నెలన్నర మాత్రం బెంచీ చివర ఇద్దరం, ఆమె డాక్టరు మాట మీద, నేను దేవుడికిచ్చిన మాట మీద, నోళ్లు మూసుకుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాళ్లం. మురుగేశన్ అటుగా పోతూ అనేవాడు, "ఇది దా నల్ల స్టూడియో, మంచి స్టూడియో. రెండు వాయిస్ ఆర్టిస్ట్, ఒక్క సౌండ్ లే."

పండుగ ఆరాధన

ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను ఎందుకంటే దోర్కా అక్క ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ ఆవిడకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆ ఏడు ఈస్టర్ ఆరాధనలో అయ్యగారు, శ్రమదినాలన్నీ తప్పకుండా ఉపవాసమున్న వారిని లేచి నిలబడమన్నారు. సంఘం చప్పట్లు కొట్టి వాళ్ల కోసం ప్రార్థన చేయడం మా చర్చిలో అలవాటు. అటు ఇటు లేస్తున్నారు. దోర్కా అక్క ఎప్పుడో లేచింది. మా ఆయన కాలు చాపుకుని మగవాళ్ల వైపు కూర్చుని ఉన్నాడు, నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

అక్క వంగి నా చెవిలో అంది. "ఏంది, లేవలే? మ్రొక్కుబడి అన్నావే."

"తప్పిపోయిందక్కా."

"ఎన్నో రోజు?"

"మూడో రోజే."

అక్క నిట్టూర్చింది. నిజమైన జాలితోనే. "మూడో రోజు లేవాల్సిందిపోయి పడిపోయినావా. పోన్లే, మీ పని అట్టాంటిది. ఆ సినిమా వాళ్ల మధ్య ఉండి ఏం నిష్ఠ నిలబడతాది. వచ్చే సంవత్సరం నేను నీ కోసం ప్రార్థన చేస్తా." అని నా భుజం తట్టింది. ఒకసారి కాదు, చిన్నపిల్లను తట్టినట్టు తడుతూనే ఉంది.

ఆ సినిమా వాళ్లే నిలబెట్టారక్కా అని చెప్పాలి. తెనాలి స్వామి ఒకాయన, తమిళ ఇంజినీరు ఒకాయన, గొంతు విరిగిన నెల్లూరు పిల్ల ఒకతె కలిసి నా మ్రొక్కు కాపాడారని చెప్పాలి. మౌనం ముగిసిపోయింది, ఇప్పుడు మాట్లాడితే తప్పేమీ లేదు. నా నాలుక చివర ఒక పెద్ద సాక్ష్యం వచ్చి నిలబడింది, చర్చిలో నిలబడిన వాళ్లందరికంటే నిటారుగా.

దాన్ని కూడా నా పక్కనే కూర్చోమన్నాను.